వదలివేసిన శిలకు ప్రాణం పోసిన మైకెలాంజెలో

ప్రపంచ శిల్పకళా చరిత్రలో చిరస్మరణీయుడైన మైకెలాంజెలో 1475 మార్చి 6వ తేదీన ఇటలీలోని కాప్రెసే గ్రామంలో జన్మించాడు. పసితనంలో రాతిపనివారి కుటుంబానికి చెందిన దాది వద్ద పెరిగాడు. ఆరేళ్ల ప్రాయంలోనే తల్లిని పోగొట్టుకున్నాడు. కుమారుడు కళాకారుడు కావడం తండ్రికి ఇష్టం లేకపోయినా, 1488లో ఫ్లోరెన్స్ నగరంలో గిర్లాందాయో అనే చిత్రకారునికి శిష్యుడయ్యాడు. పిదప లోరెంజో మెదీచి ప్రభువు ఆదరణలో శిల్పవిద్యను అభ్యసించాడు.

అప్పటికే ఆ నగరంలోని ప్రధాన క్రైస్తవ దేవాలయానికి చెందిన ఆవరణలో ఒక పెద్ద పాలరాయి నిరుపయోగంగా పడి ఉండేది. దేవాలయంపై నిలుపదలచిన ప్రవక్తల విగ్రహాల కోసం దానిని కరారా గనుల నుండి తెప్పించారు. 1464లో అగోస్తినో అనే శిల్పి దానిని స్థూలంగా కొంత చెక్కి, రెండేళ్లకే విరమించాడు. 1476లో రోసెల్లీనో అనే మరొక శిల్పికి అప్పగించగా ఆ ప్రయత్నమూ సాగలేదు. తర్వాత పాతికేళ్లపాటు ఆ రాయి ఎండకు ఎండి వానకు తడిసింది. ఎత్తుకు తగిన మందం దానికి లేదు. పైగా మునుపటి ఉలిదెబ్బలు మిగిలాయి.

1501 ఆగస్టులో దేవాలయ నిర్వాహకులు ఆ శిలను 26 ఏళ్ల మైకెలాంజెలోకు అప్పగించారు. సెప్టెంబరులో పని ఆరంభమైంది. చుట్టూ దడి కట్టించుకొని, మిగిలిన రాతిలో ఇమిడే విధంగానే ఆయన దావీదు రూపాన్ని మలిచాడు. అందువల్లనే ఆ విగ్రహం పక్కనుండి చూస్తే సన్నగా కనిపిస్తుంది. పూర్వశిల్పులు గొల్యాతు శిరస్సు పాదాల చెంత ఉండగా విజేతయైన దావీదును చూపారు. మైకెలాంజెలో మాత్రం యుద్ధానికి ముందటి క్షణాన్ని ఎన్నుకొన్నాడు. భుజంపై వడిసెలతో, శత్రువుపై నిలిపిన చూపుతో ఆ యువకుడు దర్శనమిస్తాడు.

1504 నాటికి సుమారు 17 అడుగుల విగ్రహం సిద్ధమైంది. దానిని ఎక్కడ నిలపాలో నిర్ణయించిన సభలో లియొనార్డో డావించీ, బొత్తిచెల్లి వంటివారు ఉన్నారు. దేవాలయంపైకి ఎక్కించవలసిన విగ్రహం చివరకు నగరపాలక భవనం ముందు నిలిచి, ఫ్లోరెన్స్ స్వాతంత్ర్యానికి ప్రతీక అయింది. 1873లో దానిని కళాశాలా భవనంలోనికి తరలించారు. పూర్వస్థానంలో 1910లో నకలును ప్రతిష్ఠించారు.

ఆయనకూ అసంపూర్తి పనులు మిగిలాయి. పోపు రెండవ జూలియస్ సమాధి నిర్మాణం నలభై ఏళ్లు సాగి, 1545లో తలపెట్టినదానికంటె చిన్నదిగానే ముగిసింది. డెబ్బై దాటిన వయస్సులో, ఇతరులు ఆరంభించిన రోమునగర సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణభారాన్ని వేతనం లేకుండా స్వీకరించాడు. 1564 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశాడు. ఆ దేవాలయ గోపురాన్ని 1590లో ఇతరులు పూర్తిచేశారు.

చెడిపోయినదని పదిమంది వదలిన శిలలో ఇంకా మిగిలివున్నదేమిటో మైకెలాంజెలో పరికించాడు. చదువులో వెనుకబడిన బాలుని విషయంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అలవరచుకోదగిన దృష్టి ఇదియే.