ఆర్చిబిషప్పు జార్జి ఆబట్ విడిచిన బాణము

మన గుంతకల్లు చుట్టునుండు మెట్టచేలలో జొన్న పాలుపోసుకొను దినములందు మంచెలపై నిలిచి, వడిసెల త్రిప్పి పిట్టలను తోలు బాలురను మీరందరు చూచియే యుందురు. రాయి చేతిలో నున్నంతవరకు అది బాలుని యధీనము. చేతిని విడిచిన పిదప అది యెవ్వరి మాటయు వినదు. పిట్టకు తగులవచ్చును, గట్టునకు తగులవచ్చును, గట్టు వెనుక గడ్డి కోయుచున్న ముసలియవ్వకును తగులవచ్చును. ఇట్టి యొక చిన్న సంగతి మిక్కిలి గొప్ప పదవియందున్న యొక మనుష్యుని జీవితము నెట్లు మార్చివేసెనో తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాను. ఆయన ఇంగ్లండు సంఘములో ప్రథమ స్థానము వహించిన కాంటర్బరీ ఆర్చిబిషప్పు. ఆయన పేరు జార్జి ఆబట్.

ఆబట్ 1562వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన సర్రీ మండలములోని గిల్డ్‌ఫర్డ్ పట్టణమున జన్మించెను. తండ్రి ఉన్నిబట్టల నూగును కత్తిరించి సాపుచేయు పనివాడు. వారు ధనికులు కారు. ఈ బాలుడు గర్భమందున్నప్పుడు, పైక్ అను నదిచేపను తినినయెడల పుట్టబోవు బిడ్డ గొప్పవాడగునని తల్లికి కల వచ్చెననియు, మరునాడు ఆమె నీళ్లకు పోగా ఆ చేపయే కడవలో పడెననియు ఆ యూర నొక కథ కలదు. కథ సంగతి యెట్లున్నను, ఆ పేదయింటి పిల్లలు చదువువలననే పైకి వచ్చిరనుట సత్యము. అన్నయగు రాబర్టు 1615లో సాల్స్‌బరీ బిషప్పాయెను. తమ్ముడగు మారిస్ వర్తకుడై 1624లో ఈస్టిండియా కంపెనీకి గవర్నరును, 1638లో లండను నగరమునకు లార్డు మేయరును ఆయెను.

జార్జి తన యూరి గ్రామరు స్కూలులో చదివి, పిమ్మట ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చేరెను. 1597లో అచ్చటి యూనివర్సిటీ కళాశాలకు అధిపతియయ్యెను. విశ్వవిద్యాలయమునకు మూడు మారులు వైస్ ఛాన్సలరుగా నుండెను. 1599లో ఆయన ప్రపంచములోని దేశములనన్నిటిని క్లుప్తముగా వర్ణించుచు నొక భూగోళ గ్రంథమును ప్రచురించెను. అది పలుమారులు అచ్చుపడెను. భూగోళ పాఠమనగానే ముఖము చిట్లించు బాలురు, ఒక ఆర్చిబిషప్పు ఆ శాస్త్రమునందు గ్రంథకర్త యని జ్ఞాపకముంచుకొందురుగాక.

1604లో జేమ్సు రాజు పరిశుద్ధ గ్రంథమును ఇంగ్లీషు భాషలోనికి క్రొత్తగా తర్జుమా చేయుటకు పండితులను నియమించినప్పుడు, సువార్తలను, అపొస్తలుల కార్యములను, ప్రకటన గ్రంథమును అప్పగించిన ఆక్స్‌ఫర్డు సంఘములో ఆబట్ కూడ నొకడు. ఆ తర్జుమా 1611లో వెలువడెను. ఆ సంవత్సరమే ఆబట్ కాంటర్బరీ ఆర్చిబిషప్పయ్యెను. ఆ సంవత్సరమే ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబు అను ఓడ మన మచిలీపట్టణపు రేవునకు వచ్చి, అచ్చట వారి వర్తకమునకు నాంది పలికెను. ఇట్లు మూడు సంగతులును ఒక్క యేటనే జరిగినవి.

ఆయన స్వభావము కఠినమైనది. 1612లో మతభ్రష్టులని తీర్పుపొందిన ఇద్దరు మనుష్యులను కాల్చివేయుటకు ఆయన సమ్మతించెను. ఈ సంగతిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. కాని అదే కాఠిన్యము రాజు నెదుటను వంగలేదు. 1613లో ఎసెక్సు ప్రభువు వివాహమును రద్దుచేయవలెనని రాజు కోరగా, న్యాయము కాదని తోచినందున ఆబట్ దాని కొప్పుకొనలేదు. 1618లో ఆదివారమున ఆటలాడుట కనుమతి నిచ్చు రాజశాసనమును తానున్న క్రాయిడను దేవాలయములో చదువనీయలేదు. 1619లో తన జన్మస్థలమగు గిల్డ్‌ఫర్డులో వృద్ధులగు 12 మంది పురుషులకును 8 మంది స్త్రీలకును నివాసముగా నొక ధర్మశాలను స్థాపించెను. నాలుగు వందల సంవత్సరములు గడచినను అది నేటికిని వృద్ధులకు ఆశ్రయమిచ్చుచున్నది.

ఇక వేట సంగతి. ఆ కాలమున ఇంగ్లండులోని ప్రభువులు తమ మేడల చుట్టును విశాలమైన వనములను కంచె కట్టించి జింకలను పెంచుచుండిరి. వేటకు క్రాస్‌బో అను విల్లును వాడుదురు. ఒక కఱ్ఱ దిమ్మకు అడ్డముగా విల్లును బిగించి, నారిని వెనుకకు లాగి కొక్కెమునకు తగిలించి, గురి చూచి క్రింది మీటను నొక్కినచో పొట్టి బాణము విసురుగా పోవును. చేతివింటిని లాగి పట్టుకొనువానికి భుజము నొచ్చును. అతడు ఎక్కువసేపు ఆలోచించుచు నిలువలేడు. ఈ యంత్రపు వింటికి ఆ శ్రమ లేదు. నారి దానంతట అదియే నిలుచును. కనుక వేటకానికి ఆలోచించుటకు కావలసినంత వ్యవధి యుండును. కాని మీట నొక్కుటకు ఒక్క వ్రేలు చాలును. అదియే దాని యపాయము.

దూరపు గురినిగూర్చి గణితము తెలిసిన విద్యార్థులు కొంచెము యోచింపవలెను. బాణము సెకనుకు 150 అడుగులు పోవుననుకొందము. 150 అడుగుల దూరములోనున్న జింకను చేరుటకు దానికొక సెకను పట్టును. గాలి సంగతి విడిచినను, ఆ ఒక్క సెకనులో భూమ్యాకర్షణమువలన అది 16 అడుగులు క్రిందికి దిగును. దూరము 300 అడుగులైనయెడల కాలము రెండు సెకనులు, దిగుట 64 అడుగులు. అనగా దూరము రెట్టింపైన, దిగుట నాలుగు రెట్లగును. కాబట్టి దూరమునకు కొట్టువాడు మృగమును చూచి కాక, మృగమునకు పైగా నుండు ఆకాశమును చూచి కొట్టవలసి వచ్చును. అంతలో నారి మ్రోత బాణముకంటె ముందుగా జింక చెవిని చేరును. అది బెదరి గంతువేయును. గురి తప్పిన బాణము శూన్యములో నిలిచిపోదు. ఎచ్చటనో యొకచోట పడవలెను. కొంచెము తగిలెనా, ఆ మూగజీవము పొదలలో పడి దినముల తరబడి బాధపడి చచ్చును. ఇందుచేతనే విల్లమ్ములతో వేటాడువానికి ఓర్పే మొదటి విద్య. దగ్గరకు వచ్చువరకు కనిపెట్టుట, రానిచో విల్లు దించుట, ఇవి అంబు వేయుటకంటె కష్టమైన పనులు.

1621వ సంవత్సరము జూలై 24వ తేదీ, మంగళవారము. ఆర్చిబిషప్పు హాంప్‌షైరు మండలములోని బ్రామ్‌షిల్ అను వనమున జూష్ ప్రభువునకు అతిథిగా నుండెను. వేటకు బయలుదేరిరి. వనపు కాపరులలో పీటర్ హాకిన్సు అను నతడు గుఱ్ఱముపై తిరుగుచుండెను. బాణమునకు అడ్డము రావలదని అతనిని ఒకటి రెండు మారులు హెచ్చరించిరి. జింకలను తగిన గురికి తెచ్చుటకై అతడు మందలోనికి చొచ్చెనని 1655లో సంఘచరిత్ర వ్రాసిన థామస్ ఫుల్లర్ తెలుపుచున్నాడు. ఆర్చిబిషప్పు ఒక మగజింకను గురిచూచి మీట నొక్కెను. బాణము జింకకు తగులలేదు. హాకిన్సు ఎడమచేతికి తగిలి రక్తనాళమును తెంచెను. నెత్తురు కట్టలేదు. గంటసేపటికి లోపలనే ఆ కాపరి ప్రాణము విడిచెను.

విచారణ జరిగెను. పంచాయతుదార్లు, ఇది యాకస్మికముగా జరిగినదనియు, హెచ్చరికను లెక్కచేయక అడ్డము వచ్చినందున తప్పు మృతునిదే యనియు తీర్పు చెప్పిరి. రాజు కూడ, ఇట్టి యాపద యెవ్వనికైనను కలుగవచ్చుననియు, ఇందునకై ఆర్చిబిషప్పును తప్పుగా నెంచువాడు మూర్ఖుడో దుష్టుడో కావలెననియు భావము తెలిపెను. చట్టము ప్రకారము రాజునకు చెందవలసిన ఆస్తిని కూడ ఆయన విడిచిపెట్టెను. ఇంతటితో సంగతి ముగియవలసినది. కాని ముగియలేదు.

ఆ సమయమున నలుగురు క్రొత్త బిషప్పులు అభిషేకమునకై కనిపెట్టుకొనియుండిరి. వారిలో జాన్ విలియమ్సు, విలియమ్ లాడ్, వాలెంటైన్ కేరీ అను మువ్వురు, నరరక్తముచే అంటుపడిన హస్తములవలన అభిషేకము పొందజాలమనిరి. పూర్వపు సంఘచట్టము ప్రకారము మనుష్యుని చంపిన గురువు, తెలియక చంపినను, తన పరిచర్యకు అనర్హుడగునను వాదము పుట్టెను. గురువు వేటాడవచ్చునా యను ప్రశ్నయు లేచెను. 1217వ సంవత్సరపు అరణ్యశాసనము, రాజారణ్యము మీదుగా పోవు బిషప్పు ఒకటి రెండు మృగములను కొట్టుకొన వచ్చునని అనుమతించియే యుండెను. ఐనను చట్టము అనుమతించినదంతయు గురువునకు తగునా యనిరి. రాజు బిషప్పులును న్యాయవాదులును గల పదిమందిని విచారణకు నియమించెను. అభిషేకము నిరాకరించిన మువ్వురును ఆ పదిమందిలో నుండిరి. ఆర్చిబిషప్పునకు స్నేహితుడు కానట్టి లాన్సలాట్ ఆండ్రూస్ అను బిషప్పు మాత్రము ఆయన పక్షమున మాటలాడెను. పదిమందిలో అభిప్రాయము సరిగా రెండు సగములాయెను. తుదకు రాజే ఆబట్ పక్షము వహించి, ఆ సంవత్సరాంతమున క్షమాపణ పత్రమును దయచేసెను. కాని అంతకుముందే, నవంబరు నెలలో, విలియమ్సును లాడ్‌ను ఇతర బిషప్పులచేత అభిషేకము పొందియుండిరి.

ఈ మధ్యకాలమున ఆబట్ తాను కట్టించిన గిల్డ్‌ఫర్డు ధర్మశాలకు పోయి, తాను ఆశ్రయమిచ్చిన వృద్ధుల నడుమనే వాసము చేసెను. ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రములో, తెలియక నరహత్య చేసినవాడు పారిపోవుటకై ఆరు ఆశ్రయపురములు ఏర్పరచబడెననియు, ప్రధాన యాజకుడు మృతినొందు వరకు అతడు ఆ పురము విడువరాదనియు మీరు సండే స్కూలులో చదివియుందురు. ఇచ్చట తెలియక చంపినవాడే ప్రధాన యాజకుడు! ఆయనకు విడుదల యెవ్వరి మరణమువలన? చట్టము విడిచిపెట్టెను, రాజు విడిచిపెట్టెను, ఆయన మనస్సు మాత్రము విడిచిపెట్టలేదు. హాకిన్సు భార్యకు సంవత్సరమునకు 20 పౌనుల చొప్పున ఆయన భరణమేర్పరచెను. నెలకొక మంగళవారము, ఆ దినమును జ్ఞాపకముంచుకొని, ఉపవాసముండెను.

ఆ తరువాత ఆయన పలుకుబడి క్రమముగా సన్నగిల్లెను. 1625లో జేమ్సు రాజు మరణశయ్యచెంత నుండెను. 1626లో చార్లెసు రాజునకు కిరీటము ధరింపజేసెను. కాని క్రొత్తరాజు చెవి లాడ్ వశమాయెను. 1627లో, ప్రజలవద్ద నిర్బంధముగా రాజు తీసికొను అప్పును సమర్థించు నొక ప్రసంగమును అచ్చువేయ ననుమతింపుమని ఆజ్ఞ రాగా, ఆబట్ నిరాకరించెను. ఆయన యధికారమును తీసి ఐదుగురు బిషప్పుల కప్పగించిరి. మరల పిలువబడిన పిమ్మట 1628లో ప్రజల హక్కుల విన్నపమును సమర్థించెను. 1633వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన, 70 ఏండ్ల ప్రాయమున, క్రాయిడనులో దేహమును చాలించెను. గిల్డ్‌ఫర్డులో, తన ధర్మశాల కెదురుగానున్న దేవాలయమున సమాధి చేయబడెను. ఆయన పీఠమును లాడే అధిష్టించెను.

ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసినదేమి? హాకిన్సును హెచ్చరించిరి, సత్యమే. కాని హెచ్చరించితిమనుట వేరు. అతడు తొలగెనని కన్నులార చూచుట వేరు. విల్లు చేతబట్టినవాని భారము హెచ్చరికతో దిగిపోదు. తప్పు కాపరిదే యని పంచాయతుదార్లు వ్రాసిన కాగితమును చేతబట్టుకొని ఆబట్ నిశ్చింతగా నిద్రించియుండవచ్చును. అట్లు చేయక, మృతుని భార్యను పోషించి, తన్నుతాను తగ్గించుకొనెను. ఆయన గొప్పతనము నాకు ఆ సింహాసనమునందుకంటె ఆ మంగళవారపు ఉపవాసమందే యెక్కువగా కనుపించుచున్నది.

మన ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము కృష్ణజింక. కర్నూలు సీమలోని రోళ్లపాడు మైదానములలో అవి నేటికిని మందలుగా తిరుగుచున్నవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత వానిని వేటాడుట నేరము. కనుక మీలో నెవ్వరును జింకపై బాణము వేయవలసిన పనిలేదు. ఐనను బడి ప్రహరీప్రక్కనున్న చింతచెట్టుపై రాళ్లు రువ్వుదురు. ఉండేలు బద్దను జేబులో దాచుకొందురు. ఇంతకంటె వాడియైన బాణము నోట నున్నది. తోటి విద్యార్థినిగూర్చి వినికిడి మాటను దూరమునుండియే విసరుదురు. చేయి విడువక ముందు ఒక్క క్షణము నిలిచి, దాని వెనుక నెవరున్నారో చూడుడు. కనుపించనిచో చేయి దించుడు. దించిన చేతికి ఏ ఉపవాసమును అక్కరలేదు.