మొండి బాలుర మనసెరిగిన గురువు ఐక్‌హోర్న్

దారి తప్పిన బాలుణ్ణి దండించి దారికి తేవాలన్నది లోకంలో అనాదిగా ఉన్న నమ్మకం. దానిని తన వృత్తి జీవితంతోనే ప్రశ్నించిన మహనీయుడు ఆగస్ట్ ఐక్‌హోర్న్. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1878 జూలై 27న జన్మించిన ఆయన మొదట సామాన్య బడిపంతులు. నగరంలోని బాలుర కేంద్రాలను సైనిక పద్ధతిలో నడపాలన్న ప్రయత్నం జరిగినప్పుడు దానిని గట్టిగా ఎదిరించారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో, ఒబెర్‌హొల్లాబ్రున్‌లో కాందిశీకుల కోసం వేసిన పాకలలో ఆయన బాలల వసతిగృహాన్ని నెలకొల్పారు. దొంగతనాలకు, కొట్లాటలకు అలవాటుపడిన పిల్లలు అక్కడికి వచ్చేవారు. వారిలో ఎవరికీ లొంగని పన్నెండుమందిని ఒక జట్టుగా వేరుచేసి, వారిని కొట్టరాదని, తిట్టరాదని, ఒకరికొకరు హాని చేసుకోకుండా మాత్రం కాపాడాలని సిబ్బందికి చెప్పారు. బాలురు బల్లలు విరిచారు, కిటికీ అద్దాలు పగులగొట్టారు. సిబ్బందికి అది అగ్నిపరీక్ష. ఎంత రెచ్చగొట్టినా దెబ్బ పడకపోయేసరికి బాలుర ఆగ్రహానికి ఆధారం లేకపోయింది. క్రమంగా అది కన్నీరై కరిగి, పెద్దలపై మమకారంగా మారింది. ప్రేమకు నోచని బాల్యమే చాలామంది మొండితనానికి మూలమని ఆయన గ్రహించారు.

అయితే అనుభవం ఒక్కటే చాలదని కూడా ఆయనకు తెలుసు. నలభై దాటిన వయసులో విద్యార్థిగా మారి సిగ్మండ్ ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ శాస్త్రాన్ని అభ్యసించారు. 1922లో వియన్నా మనోవిశ్లేషణ సంఘంలో సభ్యులయ్యారు. ఇంట్లో తల్లిదండ్రులపై రగిలిన కోపాన్నే పిల్లవాడు గురువుపై చూపుతాడని, దానిని తనకు జరిగిన అవమానంగా భావించేవాడు చికిత్స చేయలేడని ఆయన బోధించారు. పిల్లవాని మనసు చదవబోయేవాడు ముందు తన మనసును చదువుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. 1925లో వెలువడిన ఆయన పది ఉపన్యాసాల గ్రంథానికి ఫ్రాయిడే ముందుమాట రాశారు. ఆ తరువాత కూడా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు సలహాలిస్తూ పనిచేశారు.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగా ఫ్రాయిడ్ దేశం విడిచారు. ఐక్‌హోర్న్ కుమారుణ్ణి డఖౌ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అయినా ఆయన వియన్నాలోనే ఉండి, యుద్ధకాలమంతా కొద్దిమంది యువ శిష్యులను తీర్చిదిద్దారు. 1946లో తిరిగి ప్రాణం పోసుకున్న మనోవిశ్లేషణ సంఘానికి అధ్యక్షులయ్యారు. 1949 అక్టోబరు 13న కన్నుమూశారు.

బడి నేర్పిన ఓర్పు, శాస్త్రం ఇచ్చిన చూపు కలిసినప్పుడే మొండి బిడ్డ మనసు తలుపు తెరుచుకుంటుందని నిరూపించిన జీవితం ఆయనది.