దామెర్ల రామారావు

దామెర్ల రామారావు 1897వ సంవత్సరం మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. చిన్ననాటి నుండి ఆయనకు చదువు కంటె బొమ్మల మీదనే మక్కువ. ఆ రోజులలో చిత్రలేఖనం కూడు పెట్టే విద్య అని నమ్మిన కుటుంబాలు అరుదు. ఆయనలోని ప్రతిభను గుర్తించినవారు ప్రభుత్వ కళాశాల అధ్యక్షులు ఆస్వాల్డ్ కూల్డ్రే. కూల్డ్రే స్వయంగా కవి, చిత్రకారుడు. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యులే. అజంతా చిత్రాల ఔన్నత్యాన్ని తెలుగు బాలురకు ఒక ఆంగ్లేయుడు బోధించవలసి రావడం విచిత్రమే.

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరారు. 1857లో స్థాపితమైన ఆ విద్యాలయంలో పాశ్చాత్య పద్ధతిదే ప్రాధాన్యం. గ్రీకు శిల్పాల సున్నపు ప్రతిమలను ఎదుట నిలిపి, వాటి కొలతలను, వెలుగునీడలను ఉన్నవి ఉన్నట్లుగా దించవలసి ఉండేది. దేహంలోని ఎముకల అమరికను, కండరాల పొంకాన్ని, దూరం పెరిగే కొలదీ వస్తువు చిన్నదిగా కనబడే తీరును అభ్యసించవలసి ఉండేది. గీచినదాన్నే తుడిచి మరల గీయడం విసుగు పుట్టించే పనే. కాని కంటికి కనబడినదానికి, కనబడినదని మనం భ్రమించినదానికి గల భేదం ఆ విసుగులోనే విద్యార్థికి తెలిసివస్తుంది. చేయి కంటికి లోబడుతుంది. 1920లో రామారావు ప్రథమస్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

అయితే ఏమి చిత్రించాలో ఆ కళాశాల చెప్పలేదు; అది ఏ కళాశాలా చెప్పగలిగినది కాదు. అప్పటికే కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు శిష్యవర్గం పాశ్చాత్య పద్ధతిని నిరాకరించి, భారతీయ సంప్రదాయాన్ని పునరుద్ధరించే యత్నంలో ఉన్నది. రామారావు బొంబాయిలో నేర్చినదాన్ని విడిచిపెట్టలేదు, వంగ చిత్రకారులను అనుకరించనూ లేదు. దేహనిర్మాణ జ్ఞానాన్ని బొంబాయి నుండి, రేఖాలాలిత్యాన్ని అజంతా నుండి గ్రహించి, గోదావరి తీరాన్ని, తెలుగు స్త్రీల అలంకరణను, పురాణగాథలను చిత్రించారు. ‘ఋష్యశృంగ బంధనం’ అనే చిత్రం ఆయనకు 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి తెచ్చిపెట్టింది.

నగరంలో నిలిచి ధనార్జన చేయగల అర్హత ఉండి కూడ ఆయన స్వస్థలానికే మరలి వచ్చారు. తనవలె బొంబాయి వెళ్ళే అవకాశం లేని తెలుగు యువకుల కొరకు రాజమహేంద్రవరంలో ఒక చిత్రకళాశాలను నెలకొల్పారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టారు. స్త్రీలు గడప దాటడమే కష్టమైన ఆ కాలంలో ఇది స్వల్ప విషయం కాదు.

ఈ కృషి ఫలించే వేళ రామారావు మశూచికి గురి అయి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన మరణించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేండ్లు నిండలేదు. ఆయన మిత్రులు వరదా వెంకటరత్నం ఆ చిత్రకళాశాలను మూతపడనీయక, అనేక సంవత్సరాలు నిర్వహించారు. రామారావు చిత్రాలను, చిత్తుగీతల పుస్తకాలను రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో భద్రపరచారు.