కలమునే నమ్ముకొన్న జాన్సన్

కవి కావ్యము వ్రాయుట, కృతిభర్త దానిని అంకితము గొని కవిని పోషించుట మన దేశమున చిరకాలము సాగిన ఆచారము. ఇంగ్లండులోను ప్రభువుల ఆదరణమే రచయితలకు పెద్ద దిక్కుగా నుండెను. పదునెనిమిదవ శతాబ్దమున ఆ ఆచారము సన్నగిల్లి, పుస్తక విక్రేతలును పాఠకులును కృతిభర్తల స్థానము నాక్రమింపసాగిరి. ఆ సంధికాలమున కలమునే నమ్ముకొని బ్రదికినవాడు సామ్యూల్ జాన్సన్.

అతడు 1709లో లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. ఇంట గ్రంథములకు కొదువలేదు, ధనమునకే కొదువ. 1728లో ఆక్స్‌ఫర్డున చేరెను గాని, జీతము చెల్లించు శక్తి లేక, ఏడాది దాటిన కొలదికాలమునకే పట్టము లేకుండ ఇల్లు చేరెను. తరువాత ఒక బడి పెట్టెను, పిల్లలు ఎక్కువమంది చేరలేదు. 1737లో శిష్యుడు డేవిడ్ గారిక్‌ను వెంటబెట్టుకొని లండను చేరెను. గారిక్ పిమ్మట మహానటుడయ్యెను; గురువు పత్రికలకు వ్రాయు కూలివాడయ్యెను. 1738లో వెలువడిన ‘లండన్’ కావ్యమునకు అతనికి ముట్టినది పది గినీలు.

1746లో కొందరు పుస్తక విక్రేతలు ఆంగ్ల నిఘంటువును వ్రాయుటకు అతనితో ఒడంబడిక చేసికొనిరి. ప్రతిఫలము 1,575 పౌనులు. ఆరుగురు వ్రాయసకాండ్రకు జీతములు ఆ మొత్తమునుండియే చెల్లింపవలెను. మూడేండ్లలో ముగియునన్న పనికి తొమ్మిదేండ్లు పట్టెను. ఇల్లు గడచుటకై, 1750 మొదలు రెండేండ్లు ‘రాంబ్లర్’ పత్రికను వారమునకు రెండుమారులు వెలువరించెను. 1752లో భార్య మరణించెను.

నిఘంటువు ప్రణాళికను అతడు 1747లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువునకు నివేదించియుండెను. ప్రభువు పది పౌనులిచ్చి మిన్నకుండెను. గ్రంథము ముగియవచ్చిన 1754లో మాత్రము దానిని పొగడుచు రెండు వ్యాసములు ప్రకటించెను. అంకితమిచ్చినచో ధనము దొరకెడిదేమో! జాన్సన్ ఆ దారి త్రొక్కలేదు. కష్టకాలమున రాని సాయము ఇప్పుడక్కరలేదని 1755 ఫిబ్రవరిలో లేఖ వ్రాసెను. ఏప్రిలులో నిఘంటువు కృతిభర్త లేకయే వెలువడెను. నలువది వేలకు మించిన పదములకు అర్థములు వ్రాసి, వేలకొలది ప్రయోగములు చూపిన ఆ గ్రంథము దేశమెల్ల ప్రసిద్ధి గాంచెను.

కాని కీర్తి కడుపు నింపలేదు. ఒడంబడిక సొమ్ము అప్పటికే వ్యయమైనది. అమ్మకపు లాభము విక్రేతలది. 1756లో అయిదు పౌనుల పదునెనిమిది షిల్లింగుల బాకీకి నిఘంటుకర్త నిర్బంధమునకు లోనయ్యెను. నవలాకారుడు రిచర్డ్‌సన్ ఆరు గినీలు పంపి విడిపించెను. 1759లో తల్లి మరణింపగా, ఆ వ్యయములకై ఒక్క వారము సాయంకాలములలో ‘రాసెలాస్’ కథను వ్రాసి నూరు పౌనులకు విక్రయించెను.

1762లో ప్రభుత్వము ఏటికి మూడువందల పౌనుల పింఛను నొసగదలచెను. పింఛనును తన నిఘంటువులోనే ఎగతాళి చేసినవాడు గనుక అతడు సంశయించెను. అది చేసిన సేవకే గాని చేయబోవు సేవకు గాదని మంత్రి అభయమిచ్చిన పిమ్మటనే అంగీకరించెను. అయినను పరిహాసములు తప్పలేదు.

ధనాశ లేక వ్రాయువాడు మూఢుడని అతని వాదము. అట్లనుచునే మిత్రుల గ్రంథములకు ఉచితముగా పీఠికలు వ్రాసియిచ్చెను. 1777లో కవుల జీవితములు వ్రాయుమని విక్రేతలు రాగా, ఇంకను ఎక్కువ దొరకు అవకాశమున్నను, రెండువందల గినీలే కోరెను. దృష్టి కోల్పోయిన అన్నా విలియమ్స్ మొదలైన నిరుపేదలకు అతని ఇల్లు ఆశ్రయమయ్యెను. 1784 డిసెంబరులో కన్నుమూయుచు, తన ఆస్తిలో అధికభాగమును, బానిసగా జన్మించి తన ఇంట సేవకుడైన ఫ్రాన్సిస్ బార్బర్‌కు వ్రాసియిచ్చెను. కలము సంపాదించిన అన్నమును జాన్సన్ ఒంటరిగా భుజింపలేదు.