మనుషుల గుమ్మం తొక్కని జార్జి ముల్లర్



జార్జి ముల్లర్ గారు 1805లో ప్రష్యాలో పుట్టారు. కుర్రతనంలో తండ్రి డబ్బే దొంగిలించి, హోటల్ బిల్లు ఎగ్గొట్టి జైలుకెళ్ళిన మనిషి. ప్రభువు పట్టుకున్నాక ఇంగ్లాండులో సేవకుడయ్యారు. 1830లో సంఘం ఇచ్చే జీతం కూడా వద్దనేశారు. 1836లో బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకు ఇల్లు తెరిచారు. చందా అడగలేదు, అప్పు చేయలేదు. అవసరం ఏదైనా మోకాళ్ళ మీదే చెప్పుకున్నారు. చేతిలో పైసా లేని రోజులు ఎన్నో. అయినా పిల్లలు పస్తు పడుకోలేదు. 1898లో ఆయన ప్రభువు నందు నిద్రించేనాటికి ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళు 10,000 మంది పైనే.

సహోదరుడా, కష్టపడిన జీతం అడుగు, అది నీ హక్కు. కానీ జీతం ఆగిందని హడలిపోకు. కఫీల్ మారతాడు, వీసా అయిపోతుంది. ముల్లర్ నమ్మిన దేవుడు మారడు.

ఆమేన్.