నెల్లూరు ఒంటరి నక్షత్రం

1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో తెలియనివారుండరు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో అది జరిగింది. ఒంగోలు ప్రాంతం అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. ఆ అంకెను ఎంతో సంతోషంగా చెప్పుకునే మనం, దాని వెనకున్న పాతికేళ్ల వేదనను మాత్రం అంతగా తలచుకోం. ఆ వేదనను మోసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు లైమన్ జూయెట్ దొరగారిది.

అమెరికాలో 1813లో పుట్టిన జూయెట్, వేదాంత విద్య ముగించి 1849లో భార్యతో కలిసి నెల్లూరు చేరారు. అక్కడ 1840లో బాప్టిస్టు మిషనును ప్రారంభించిన శామ్యూల్ డే దొరగారు జబ్బుపడి ఒకసారి స్వదేశానికి వెళ్లి, జూయెట్ దంపతులతోనే తిరిగి వచ్చారు. 1853లో ఆరోగ్యం మళ్లీ చెడి, ఇక రాకుండానే వెళ్లిపోయారు. విశ్వాసుల సంఖ్య చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

ఆ ఏడాదే అమెరికాలో మిషను పెద్దలు సమావేశమయ్యారు. బర్మాలో వేలమంది ప్రభువును నమ్ముతుంటే, ఫలించని నెల్లూరు మీద ఖర్చెందుకన్నది వారి ప్రశ్న. పటంలో ఒక్కటే చుక్కగా ఉన్న నెల్లూరును ఎవరో ఒంటరి నక్షత్రమన్నారు. ఆ మాట మీద ఎస్.ఎఫ్. స్మిత్ అనే భక్తుడు రాత్రికి రాత్రే కవిత రాశారు. మిషను నిలిచింది.

ఇదంతా జరుగుతుండగా జూయెట్ దంపతులు పల్లెపల్లెకూ తిరుగుతున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండ మీద మోకరించారు. వారితో ఉన్నది ముగ్గురే: క్రైస్తవుడైన నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడు ఒంగోలులో అడుగుపెట్టడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆదివారం చేసిన ప్రార్థనకు బుధవారానికల్లా జవాబు రాలేదని నీరసపడే మనకు ఆ పన్నెండేళ్లు ఎంత పొడవో!

ఈలోగా జూయెట్ ఆరోగ్యమూ దెబ్బతింది. 1862లో నెల్లూరును వదిలేయాలనే మాట మళ్లీ వచ్చింది. జబ్బుతో స్వదేశం చేరిన ఆయన, ఎవరు పంపినా పంపకపోయినా తెలుగువారి మధ్యకే వెళ్లి అక్కడే చనిపోతానని తేల్చి చెప్పారు. అలాగైతే సమాధి చేయడానికైనా ఒకరిని తోడు పంపాలని మిషను కార్యదర్శి నవ్వులాటకు అన్నారట. అలా 1865లో వెంట వచ్చిన యువకుడే జాన్ క్లౌ. కొండ మీది ప్రార్థనకు జవాబు ఆయనే.

తర్వాత 1876-78 కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించారు. అన్నం కోసం సంఘంలో చేరారన్న మాట రాకూడదని పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తీరుతుండగా జరిగినవే వెల్లంపల్లి బాప్తిస్మాలు.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆత్మల పంట కోసమే దేవుడు కరువు పంపాడని కొందరు బోధిస్తారు. మనకు అలా చెప్పడానికి నోరు రాదు. ఆ కరువులో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఆ మాట వింటే ఏమవుతుంది? 2004 డిసెంబరులో సునామీ వచ్చాక మన తీర గ్రామాల్లోనూ ఎందుకిలా అని అడిగారు. సిలువ మీద ప్రభువు కూడా అదే అడిగాడు కదా. జూయెట్‌కు తన జబ్బు ఎందుకో, ఆ బీడు సంవత్సరాలు ఎందుకో ఎవరూ వివరించలేదు. వివరణ దొరకలేదు గానీ పని దొరికింది, పక్కన మోకరించే నలుగురు దొరికారు. ఆయనకు అవే చాలాయి.

తోడు వచ్చిన క్లౌ ఒంగోలులో జనసమూహాల మధ్య ఉన్న ఆ 1878లోనే, అరవై అయిదేళ్ల జూయెట్ ఆ పంట చూసుకుంటూ కూర్చోలేదు. మద్రాసు వెళ్లి, అక్కడి తెలుగువారి కోసం మొదటి నుంచి ఇంకో మిషను ప్రారంభించారు. సమాధికి తోడు పంపాలన్న మాట పడ్డాక ఆయన మూడు దశాబ్దాలకు పైగా బతికి, 1897లో ప్రభువు సన్నిధికి చేరారు.