పరుగు ఆపి ఊరి డాక్టరైన ఒలింపిక్ విజేత

1948 లండన్ ఒలింపిక్స్. అప్పటికింకా బ్రిటిష్ వలసగానే ఉన్న జమైకా ఒలింపిక్స్‌కు రావడం అదే మొదటిసారి. 400 మీటర్ల ఫైనల్లో అందరి కళ్లూ ప్రపంచ రికార్డు వీరుడు హెర్బ్ మెకెన్లీ మీదే. అనుకున్నట్టే అతను ముందుకు దూసుకుపోయాడు. చివర్లో ఆరడుగుల అయిదు అంగుళాల ఆర్థర్ వింట్ పెద్ద పెద్ద అంగలతో అతన్ని దాటేశాడు. 46.2 సెకన్లు, జమైకాకు తొలి ఒలింపిక్ స్వర్ణం. ఓడిన మెకెన్లీ కూడా జమైకా వాడే!

1920లో పుట్టిన వింట్ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్. ఆ తర్వాత లండన్ సెయింట్ బార్తలోమ్యూస్ ఆస్పత్రిలో వైద్య విద్యార్థి. పరుగుకు మిగిలింది చదువు పోగా దొరికిన సమయమే.

4x400 రిలే మాత్రం చేదుగా ముగిసింది. మూడో వాడిగా పరిగెత్తుతున్న వింట్‌కు కండరం పట్టేసింది. బ్యాటన్ కోసం చూస్తున్న మెకెన్లీకి పరిగెత్తే అవకాశమే రాలేదు. పతకం పోయింది.

నాలుగేళ్ల తర్వాత హెల్సింకిలో మళ్లీ అదే నలుగురు: వింట్, లెస్ లెయింగ్, మెకెన్లీ, జార్జ్ రోడెన్. ఈసారి 3 నిమిషాల 3.9 సెకన్లు. అమెరికా వెనకబడింది సెకనులో పదో వంతే. 1932 నాటి ప్రపంచ రికార్డు నాలుగు సెకన్లకు పైగా మెరుగుపడింది. 800 మీటర్లలో మాత్రం వింట్‌కు రెండుసార్లూ రజతమే, రెండుసార్లూ అమెరికా వాడైన మాల్ విట్‌ఫీల్డ్ చేతిలోనే.

డాక్టరయ్యాక 1955లో స్వదేశానికి తిరిగొచ్చి హానోవర్ ప్రాంతంలో వైద్యం చేశాడు. 1974లో స్వతంత్ర జమైకా హైకమిషనర్‌గా మళ్లీ లండన్ వెళ్లాడు. ఒకప్పుడు బ్రిటన్ యూనిఫాం వేసుకున్న మనిషికి అది చిన్న మార్పు కాదు. 1992 అక్టోబర్ 19న, జమైకా జాతీయ వీరుల దినం నాడు, కన్నుమూశాడు.